కేకకు మొలిచిన చెవి

కేక మొదట్లో కబుర్లు చెప్పుకోవడానికే పుట్టింది. చింతలమొగ రేవు నుంచి వేటకు వెళ్ళే పడవలన్నిటికీ ఉపగ్రహం మీదుగా ఇంటర్నెట్ వచ్చాక, నీళ్ళ మీద ఉన్నవాళ్ళూ ఒడ్డున ఉన్నవాళ్ళూ మాట్లాడుకోవడానికి ఒక చాట్ సర్వర్ కావలసివచ్చింది. రేవు పక్కనున్న సముద్ర పరిశోధన కేంద్రం తన మేడ మీద ఒక గది ఇచ్చి, కట్టే పని నూకరత్నానికి అప్పగించింది. పేరు మాత్రం జాలర్లే పెట్టుకున్నారు. వేటకు బయలుదేరే మగవాళ్ళతో "ఎల్లినాక ఓ కేకెయ్యండి" అని ఆడవాళ్ళు అనే మాటలోంచి వచ్చిన పేరది.

నూకరత్నం ఆ రేవులో పుట్టిన పిల్లే. తండ్రి చిన్నతనంలోనే పోతే, అన్న ఎల్లాజీ బడి మానేసి మేనమామ పోలయ్య వెంట పడవెక్కాడు. చెల్లెల్ని మాత్రం మానెయ్యనివ్వలేదు. ఇప్పుడు ఎల్లాజీ ఒక మరపడవకు సరంగు. చుక్కాని అతని చేతిలోనే ఉంటుంది. పోలయ్య అదే పడవలో పెద్ద కళాసీ. వలలు ఆయన చూసుకుంటాడు, వంట కూడా ఆయనే చేస్తాడు.

కేకలో అందరికంటే ఎక్కువ మాట్లాడేది పోలయ్యే. అక్షరాలు టైపు చెయ్యడం ఆయనకి విసుగు. గొంతు రికార్డు చేసి పంపేవాడు. భార్య కాసులమ్మ కట్టిచ్చిన పచ్చడిలో ఉప్పెక్కువైందని రేవు రేవంతా వినేలా ఫిర్యాదు చేసేవాడు. "ఇంటికి రా, ఈసారి ఉప్పే కట్టి పంపుతాను" అని ఆవిడ అక్కడే జవాబిచ్చేది. రెండు రోజులు ఆ పోట్లాట వినడానికే జనం కేక తెరిచేవారు.

ఈ కబుర్ల వెనక నూకరత్నం పడ్డ శ్రమ ఎవరికీ కనబడేది కాదు. ఒక్కో పడవకూ సర్వర్‌కూ మధ్య తెరిచి ఉంచే దారిని సాకెట్ అంటారు. పడవలు వందలు. ఇళ్ళలో ఫోన్లు వేలు. ఎవరు ఎప్పుడు నోరు విప్పుతారో తెలియదు. ఒక్కొక్క సాకెట్ దగ్గరికీ వెళ్ళి "ఏమైనా చెప్పావా?" అని అడుగుతూ పోతే, చివరిదాని దగ్గరికి చేరేసరికి మొదటివాడు చెప్పి చెప్పి ఊరుకుంటాడు. ఆ కాపలా పనిని కంప్యూటర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కే అప్పజెప్పాలి. ఆమె దగ్గరున్న మూడు కంప్యూటర్లూ మూడు రకాలు: ఒకటి లినక్స్, ఒకటి విండోస్, ఒకటి బీఎస్‌డీ. మూడూ ఒకే రకమైతే ఒకే జబ్బుకు మూడూ ఒక్కసారే పడిపోతాయని ఆమే అలా ఏర్పాటు చేసింది. ఇప్పుడు ఆ మూడింటి కాపలా పద్ధతులూ మూడు రకాలయ్యాయి. ఒకటి "ఇదిగో, ఈ గుమ్మాల దగ్గర ఎవరో వచ్చారు" అంటుంది. ఇంకొకటి వచ్చినవాళ్ళు ఎంత మోసుకొచ్చారో కూడా చెబుతుంది. మూడోది అసలు గుమ్మం మాటే ఎత్తదు. ముందే చెప్పి ఉంచితే, వచ్చిన సరుకు లోపల పెట్టేసి "పని అయింది" అంటుంది.

ఈ మూడు రకాల మాటల్నీ ఒకే మాటగా మార్చే ప్రోగ్రాం రాయడానికి నూకరత్నానికి ఏడాది పట్టింది. దానికి చెవి అని పేరు పెట్టింది. సర్వర్ మిగతా భాగమంతా ఇక చెవిని అడిగితే చాలు. కింద ఏ యంత్రం ఉందో తెలియనక్కర్లేదు.

చెవి ఇంకో పని కూడా చేసేది. పడవ మునిగినా, ఫోను నీళ్ళలో పడినా ఆ సంగతి సాకెట్ తనంతట తాను చెప్పదు. అవతల మనిషి లేకపోయినా ఇవతల దారి తెరిచినట్టే కనబడుతుంది. అందుకని చెవి ప్రతి పడవనూ ఆగకుండా "ఉన్నావా?" అని అడిగేది, "ఉన్నాను" అన్న జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందో గుర్తుపెట్టుకునేది.

ఆ ఆలస్యాలను తెర మీద గీతలుగా గీయించి చూసిన రోజు నూకరత్నం ముఖం చిట్లించింది. గీత తిన్నగా లేదు. లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది. ఎక్కడో తప్పు రాశాననుకుంది. ఉన్న కోడ్ అంతా విప్పి మళ్ళీ కట్టింది. గీత మారలేదు. వారాలు గడిచాయి. తిండి కూడా ఆ గదిలోనే.

చివరికి ఆమెకు తోచిన పరీక్ష చాలా చిన్నది. ఒకే పడవకు మూడు యంత్రాల నుంచీ మూడు సాకెట్లు తెరిచింది. మూడు యంత్రాలూ పనిచేసే తీరు వేరు. తప్పు ప్రోగ్రాందైతే మూడు గీతలూ మూడు రకాలుగా వంకరపోవాలి. అవి అచ్చుగుద్దినట్టు ఒకేలా లేచాయి, ఒకేలా పడ్డాయి.

ఆమె కింది అంతస్తుకు పరుగెత్తింది. అక్కడ అలల మీద పరిశోధన చేసే జుబేదా ఉంటుంది. "జుబేదా, ఒక్కసారి పైకి రా. తప్పు నాది కాదు. నా యంత్రాలదీ కాదు."

"మరి ఎవరిది?" అంది జుబేదా, టీ గ్లాసు చేత్తోనే పట్టుకుని మెట్లెక్కుతూ.

తెర ముందు నిలబడ్డాక ఆవిడ టీ సంగతి మరిచిపోయింది. చాలాసేపు చూసి, "రత్నం, ఇది అల," అంది. "పడవ అల మీద ఊగినప్పుడల్లా దాని ఏంటెన్నా అటూ ఇటూ ఒరుగుతోంది. ఒరిగినప్పుడల్లా జవాబు వెంట్రుకవాసి ఆలస్యమవుతోంది. నువ్వు పడవ కింద సముద్రాన్ని గీస్తున్నావు."

నూకరత్నం మిగతా పడవల గీతలూ తెర మీదికి తెచ్చింది. వందల పడవలు, వందల సాకెట్లు. బంగాళాఖాతంలో అంత మేర ఎక్కడ ఏ అల లేస్తోందో అంతా ఆ గదిలోకే వస్తోంది. ఎవరూ ఒక్క కొత్త పరికరం కూడా కొనలేదు. జనం పచ్చడి గురించి పోట్లాడుకోవడానికి తెరిచి ఉంచిన దారులే అవి.

ఆ సంవత్సరం చెవి రేవుకు చాలా మేలు చేసింది. గాలివాన ఏ పక్క నుంచి వస్తోందో ముందున్న పడవల ఊపును బట్టి వెనకున్న పడవలకు తెలిసిపోయేది. మొదట్లో నవ్వినవాళ్ళే తరవాత వల వేసే ముందు "చెవేటంటంది?" అని అడగడం మొదలుపెట్టారు. పోలయ్యకైతే గర్వం ఆగలేదు. "మా మేనకోడలు ఇంట్లో కూకుని నా పడవెంత ఊగతందో సెప్తాది. నా పెళ్ళానికి తెల్దు గానీ ఆ పిల్లకి తెల్సు నానెప్పుడు తూలతన్నానో," అని కేకలో చాటింపు వేశాడు.

వేసవి మొదట్లో ఒక ఉదయం సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. ఎండ తెల్లగా కాస్తోంది. చేప బాగా పడిందని పడవలన్నీ సంబరంగా వెనక్కి తిరుగుతున్నాయి. నూకరత్నం తెర ముందు కూర్చుని ఉండగా, దక్షిణాన అందరికంటే దూరంగా ఉన్న పడవ గీత మెల్లగా, చాలా మెల్లగా పైకి లేచింది. అంతే మెల్లగా దిగింది. తరవాత దాని పక్క పడవ. ఆ తరవాత ఇంకొకటి.

జుబేదా వచ్చి చూసి గట్టిగా ఊపిరి పీల్చింది. "ఎక్కడో దూరంగా హిందూ మహాసముద్రంలో పుట్టిన తుపాను ఇది. ఆ గాలి మన దాకా రాదు, దాని అలలు మాత్రం వస్తున్నాయి. చాలా పొడుగు అలలు. లోతు నీళ్ళలో పడవలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. కానీ మొగ దగ్గరికి వచ్చాక..."

ఆ మాట పూర్తి చెయ్యనక్కర్లేదు. ఏరు సముద్రంలో కలిసే ఇరుకు నోరే మొగ. రేవులోకి దారి అదొక్కటే. అక్కడ నీళ్ళు లోతు తక్కువ. పొడుగు అల అక్కడికొచ్చి అడుగు తగలగానే లేచి గోడలా విరుచుకుపడుతుంది. నూకరత్నం తండ్రి పోయింది ఆ మొగలోనే.

"ఎంతసేపుంది?"

"గంటన్నర. ఇంకా తక్కువే కావచ్చు."

తిరిగొస్తున్న పడవల్లో అన్నిటికంటే ముందున్నదానికి కూడా మొగ చేరడానికి ఇంచుమించు అంతే పడుతుంది. నూకరత్నం అందరికీ ఒకేసారి సందేశం పంపింది. "ఎవరూ మొగలోకి రావొద్దు. పెద్ద అలలు వస్తున్నాయి. లోతు నీళ్ళలోనే ఆగండి. అక్కడ మీకేమీ కాదు."

కేక ఒక్కసారి గొల్లుమంది. ఎప్పుడు గండం వచ్చినా ఇంటికి పరుగెత్తడమే వాళ్ళకు తెలుసు. ఇంటికి రావొద్దనడం ఎప్పుడూ వినలేదు. "అమ్మీ, సముద్రం అద్దంలాగుంది. నీ మిసనుకేటైనాది?" అని ఒకడు. "చేప కుళ్ళిపోతాది, ఐసు అయిపోయింది" అని ఇంకొకడు. కొందరు ఆగారు. ఎక్కువమంది ఆగలేదు. తెర మీద పడవల జాడ చూపే చుక్కలు మొగ వైపే కదులుతున్నాయి. అందరికంటే ముందున్న చుక్క ఎల్లాజీది.

ఆమె ఫోన్ చేసేలోపే అతనే చేశాడు. ఇంజను హోరు మీంచి అతను అరిచాడు. "సెల్లీ, మావకి గుండెల్లో నొప్పొచ్చేసినాది. సెమటలు కారిపోతన్నాయి. ఆసుపత్రికి ఫోన్ సెయ్యి. నాను ఫుల్ స్పీడులో వస్తన్నాను."

పక్కన జుబేదా అప్పటికే హెలికాప్టర్ కోసం తీర రక్షక దళానికి ఫోన్ చేస్తోంది. అవతలివాళ్ళు పంపుతామన్నారు గానీ, అది దూరం నుంచి రావాలి.

"అన్నా," అంది నూకరత్నం, "నువ్వు మొగ చేరేసరికి అలలు కూడా చేరతాయి. పడవ తిరగబడతాది. నువ్వూ, మావా, పడవలో అందరూ."

"ఆగితే మావ పోతాడే!"

ఆమె అబద్ధం చెప్పలేదు. "ఆగితే మావ పోవచ్చన్నా. వస్తే ఎవరూ మిగలరు. నేనైతే రావొద్దంటాను."

అప్పుడు ఇంజను హోరు మధ్యలోంచి ఇంకో గొంతు, నీరసంగా, అయినా కేకలో రోజూ వినే పోలయ్య గొంతే. "అమ్మీ... ఎనకాలెంతమంది వస్తన్నారు?"

నూకరత్నం తెర వైపు చూసింది. "చాలామంది మీ ఎనకాలే వస్తన్నారు మావా. అన్న పడవ ఆగలేదు కాబట్టి వాళ్ళూ ఆగటం లేదు."

"ఆఁ," అన్నాడు పోలయ్య, ఏదో లెక్క తేలినట్టు. "ఎల్లాజీ, ఇంజను ఆపరా."

"మావా..."

"ఆపమన్నాను. మేనకోడలి మాట మనమే ఇనకపోతే ఇంకెవులింటారు?"

చుక్క ఆగింది. ఆ వెంటనే పోలయ్య గొంతు కేకలోకి, అందరికీ, రోజూ పచ్చడి గోల పంపే దారిలోనే వచ్చింది. ఆయాసపడుతూ, మధ్యమధ్య ఆగుతూ. "నాను పోలయ్యని. నాకు ఒంట్లో బాగోలేదు. అయినా ఆగిపోనాను. మీరూ ఆగండి. పిల్ల సెప్పింది నిజం."

నూకరత్నం కళ్ళ ముందు చుక్కలు ఒకదాని తరవాత ఒకటి నిలిచిపోయాయి.

అలలు చెప్పిన వేళకే వచ్చాయి. ఎండలో, గాలి లేని ఆకాశం కింద, మొగ దగ్గర నీళ్ళు లేచి తాటిచెట్టెత్తున నిలబడి విరిగాయి. ఒడ్డున ఎండబెట్టిన వలలు కొట్టుకుపోయాయి. రేవుగోడ రాళ్ళు ఊడాయి. ఇసుకలో నిలబడి చూస్తున్న ఆడవాళ్ళు ఆ చప్పుడుకు వెనక్కి పరుగెత్తారు. మొగలో మాత్రం ఒక్క పడవ కూడా లేదు. దూరంగా, అలలు విరిగే చోటికి అవతల, అన్ని పడవలూ ఊగుతూ నిలబడి ఉన్నాయి.

హెలికాప్టర్ వచ్చేసరికి పోలయ్య పోయాడు.

ఎల్లాజీ ఆ మాట చెల్లెలికి ఒక్కదానికే చెప్పాడు. కేకలో పెడితే క్షణంలో రేవంతా తెలిసిపోయేది. నూకరత్నం జుబేదాను తెర ముందు కూర్చోబెట్టి, మెట్లు దిగి, ఇసుకలో అడ్డంపడి కాసులమ్మ దగ్గరికి నడిచింది. కాసులమ్మ సముద్రం వైపే చూస్తోంది.

"అత్తా," అంది నూకరత్నం. ఆ ఒక్క పిలుపుతోనే ఆవిడకు అర్థమైపోయింది.

కాసులమ్మ అడిగింది. "రావొద్దన్నాది ఎవులు? మిసనా, నువ్వా?"

"నేనే అత్తా."

కాసులమ్మ తన చెంప మీద కొడుతుందనుకుంది నూకరత్నం. తిడుతుందనుకుంది. ఆవిడ రెండూ చెయ్యలేదు. ముఖం తిప్పుకుని అలల వైపే చూస్తూ ఉండిపోయింది. దినాలు అయ్యేవరకు మేనకోడలితో ఒక్క మాట మాట్లాడలేదు. నూకరత్నం రోజూ వెళ్ళి ఆ గుమ్మం పక్కన కూర్చుని, పనేదైనా ఉంటే చేసి వచ్చేది.

మేడ మీది గదికి మాత్రం వెళ్ళలేకపోయింది. ఒక సాయంత్రం ఎల్లాజీ ఇంటికొచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "ఎన్నాళ్ళిలాగ?" అన్నాడు.

"ఆ గీతలు చూస్తే మావ గొంతే వినిపిస్తందన్నా. నా నోటితో నేనే ఆపాను."

"ఆపినోడు మావ. నాను కాదు, నువ్వూ కాదు." ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు. "పోయేముందు ఏటన్నాడో తెల్సా? నా సెయ్యట్టుకుని, 'పడవలన్నీ ఆగినాయా?' అన్నాడు. ఆగినాయి మావా అన్నాను. 'ఐతే ఇంకేటి' అన్నాడు. అంతే. బాధున్నా మొకంలో బయం నేదు." అతను లేచి నిలబడ్డాడు. "రేపు నాను వేటకెల్తన్నాను. నువ్వక్కడ కూకోకపోతే నాకు బయమేస్తాది."

మర్నాడు నూకరత్నం మెట్లెక్కింది.

కొన్నాళ్ళకు పరిశోధన కేంద్రం పెద్ద అధికారి భుజంగరావు రేవులో సభ పెట్టాడు. మెచ్చుకోలుగా చాలా మాట్లాడాడు. చెవిని తీరమంతటికీ విస్తరిస్తామన్నాడు. ఇకమీదట హెచ్చరికలు మనిషి పంపనక్కర్లేకుండా చెవే నిర్ణయించి పంపేలా మారుస్తామన్నాడు. "మనిషైతే తడబడతాడు. అన్నా, మావా అని మనసు లాగుతుంది. యంత్రానికి ఆ బాధ లేదు," అన్నాడు.

నూకరత్నం లేచింది. "ఆ బాధ ఉండాలి సార్. ఇంటికి రావొద్దని చెప్పేటప్పుడు చెప్పేవాళ్ళకి గొంతు పట్టుకోవాలి. చెవి వింటుంది. చెప్పడం మనిషే చెయ్యాలి."

"అది భావావేశం అమ్మా. మనం శాస్త్రం మాట్లాడుకుంటున్నాం."

అప్పుడు ఆడవాళ్ళ మధ్యలోంచి కాసులమ్మ నిలబడింది. పోలయ్య పోయాక ఆవిడ నలుగురిలోకి రావడం అదే మొదలు. "బాబూ, నాకు సదువు నేదు. ఒక్క మాట అడుగుతాను. మా ఆయన పోయినాడని సెప్పడానికి ఈ పిల్ల ఇసకలో నడిచొచ్చి నా ముందర నిలబడ్డాది. తిడితే పడ్డానికి సిద్దపడి వొచ్చినాది. రోజూ వొచ్చి నా గుమ్మంలో కూకున్నాది. రేపు మీ మిసను రావొద్దంటే, ఆ మిసనొచ్చి ఎవులి గుమ్మంలో కూకుంటాది?"

భుజంగరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మొండివాడే గానీ చెడ్డవాడు కాదు. "అయితే ఏం చెయ్యమంటావమ్మా?" అన్నాడు చివరికి.

కాసులమ్మ నూకరత్నం వైపు తిరిగింది. ఇన్నాళ్ళకు మొదటిసారి సూటిగా చూసింది. "నువ్వు సెప్పవే. ఆ రోజు ఏటుంటే నీ మావ బతికుండును?"

నూకరత్నం ఎన్నో రోజులుగా మనసులో నలుగుతున్నదే చెప్పింది. అలల రాక చెవికి ముందే తెలుస్తుంది. తెలిసిన వెంటనే, మొగ ఇంకా నెమ్మదిగా ఉండగానే, ఒక వైద్యుడితో, మందులతో, ఆక్సిజన్‌తో ఒక పడవ మొగ దాటి బయటికి వెళ్ళిపోవాలి. పడవలు లోపలికి రాలేని రోజున ఆసుపత్రే వాటి మధ్య నిలబడాలి.

పడవ రావడానికి ఏడాది పట్టింది. దానికి పోలయ్య పేరు పెడదామని రేవు పెద్దలు కాసులమ్మ దగ్గరికి వెళ్ళారు. "పేరెందుకు బాబూ? పేరు రాసే రంగు డబ్బుల్తో మందులెట్టండి," అంది ఆవిడ. అందుకని ఆ పడవకు పేరు లేదు. అందరూ మందుల పడవ అంటారు.

వానాకాలం మొదలైన వారంలో చెవి గీతలు మళ్ళీ మెల్లగా లేచాయి. మందుల పడవ రేవు విడిచి మొగ దాటింది. గదిలో నూకరత్నం హెచ్చరిక పంపి ఇంకా ఊపిరి తీసుకోకముందే, ఒక పడవ నుంచి ఎవరో కుర్రగొంతుతో అరిచారు. వల లాగే రోలరులో కళాసీ చెయ్యి నలిగిపోయింది, నెత్తురు ఆగడం లేదు, మొగలోకి వచ్చేస్తున్నాం అని.

నూకరత్నం ఆ చుక్కను చూసింది. దానికి కొంచెం అవతల, అలలకు ఎదురెళ్ళి నిలబడ్డ మందుల పడవ చుక్కనూ చూసింది. మైకు దగ్గరికి లాక్కుంది. గొంతు పట్టుకుంది. అయినా మాట స్పష్టంగానే వచ్చింది.

"రావొద్దు తమ్ముడూ. అక్కడే ఉండు. మేమే వస్తన్నాం."